జీతం ఇవ్వని ఓడను వదిలేసి సీమాన్ ఎందుకు రాలేడు?

"మూడు నెలల నుంచి జీతం లేదంటున్నావు, ఇంకా అక్కడ ఎందుకురా, దిగి వచ్చెయ్." ఫోన్‌లో ఇంట్లోవాళ్ళు అనే మొదటి మాట ఇదే. మాట సబబైనదే. లారీ ఓనర్ డబ్బులివ్వకపోతే డ్రైవర్ తాళాలు ఆఫీసులో పడేసి బస్సెక్కి ఇంటికొచ్చేస్తాడు, గొడవేదో తర్వాత చూసుకుంటాడు. ఓడ మీద అలా కుదరదు. చట్టాలు లేక కాదు, సీమెన్ కోసం ఉన్నంత వివరమైన అంతర్జాతీయ చట్టం ఇంకే కార్మికులకూ లేదంటే అతిశయోక్తి కాదు. అంత చట్టం ఉండి కూడా మనిషి నెలల తరబడి లంగరేసిన ఓడలో ఎందుకు ఇరుక్కుపోతున్నాడన్నదే అసలు ప్రశ్న.

ఇదేదో అరుదుగా జరిగేది కూడా కాదు. ఓడల మీద అందరూ ఐటీఎఫ్ అని పిలిచే అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య 2023లో యజమానులు గాలికొదిలేసిన ఓడలు 132 అని లెక్క తేల్చింది. 2024కి ఆ లెక్క 312 ఓడలు, 3,133 మంది మనుషులు. అందులో ఏ దేశంవాళ్ళు ఎక్కువంటే మన భారతీయులే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మర్చంట్ నేవీ అంటే అప్పులు తీరే దారి, చెల్లెలి పెళ్ళి జరిగే దారి. ఆ ఆశ ఎంత పెద్దదో ఏజెంట్లకు బాగా తెలుసు కాబట్టి ఈ గొడవ మనకు దూరపుది కాదు.

ముందు యజమాని ఎవరన్న దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అన్ని ముడులూ అక్కడే పడతాయి. ఒక ఓడను ఊహించుకోండి. దాన్ని కొన్నవాడు గ్రీసులో ఉంటాడు. రిజిస్ట్రేషన్ పనామాలో. రోజువారీ నిర్వహణ దుబాయ్‌లోని ఒక మేనేజ్‌మెంట్ కంపెనీది. సిబ్బందిని పంపింది ముంబైలో ఒక ఏజెంటు. సరుకు ఇంకొకరిది, ఓడను అద్దెకు తీసుకున్నది మరొకరు. ఇప్పుడు ఆ ఓడ మీద పనిచేసే సోంపేట కుర్రాడికి జీతం ఆగితే ఏ దేశపు లేబర్ ఆఫీసుకు వెళ్ళాలి? చట్టం ప్రకారం ఓడ ఏ దేశపు జెండా ఎగరేస్తుందో ఆ దేశపు చట్టం ఆ ఓడ మీద నడుస్తుంది. ప్రపంచంలో చాలా ఓడలు పనామా, లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ జెండాలతో తిరుగుతున్నాయి, వాటి యజమానులు మాత్రం చాలావరకు ఆ దేశాల వాళ్ళు కారు. జెండాకీ యజమానికీ నిజమైన సంబంధం ఉండాలని ఐరాస సముద్ర చట్టం 91వ అధికరణం అంటుంది కానీ, ఆ సంబంధం ఏమిటో ఎవరూ గట్టిగా తేల్చలేదు.

పనామా జెండా కనపడగానే భయపడక్కర్లేదు, మంచి పేరున్న కంపెనీల ఓడలు కూడా ఆ జెండాతోనే తిరుగుతాయి. ప్రమాదం ఎక్కడంటే తనిఖీ చేసే నాథుడే లేని చిన్నాచితకా రిజిస్ట్రీలతో, పాతికేళ్ళు దాటిన ముసలి ఓడలతో, "ఒక ఓడకు ఒక కంపెనీ" పద్ధతితో. ఆ కంపెనీకి ఉన్న ఆస్తి మొత్తం ఆ ఒక్క ఓడే. వ్యాపారం బాగున్నన్నాళ్ళూ నడుస్తుంది. ఓడ విలువ కన్నా అప్పులు పెరిగాక యజమాని చేయాల్సిందల్లా ఫోన్ ఎత్తడం మానేయడం. ఓడ పోతే పోయింది, ఆయన మిగతా ఆస్తుల జోలికి ఎవరూ వెళ్ళలేరు. మనుషుల్ని ఇలా వదిలేయడం కొందరికి లెక్క కుదిరే వ్యాపార నిర్ణయం, కోపం వచ్చేది ఇక్కడే.

ఈ ఆట కట్టించడానికే 2006 ఫిబ్రవరిలో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ తెచ్చింది. ఓడల మీద ఎంఎల్‌సీ అంటారు. 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది, మన దేశం 2015లో ఆమోదించింది, ఇప్పుడు వందకు పైగా దేశాలు దీని కింద ఉన్నాయి. దీని అసలు బలం ఏమిటంటే, ఆమోదించిన దేశపు రేవులోకి వచ్చిన ఓడను, దాని జెండా దేశం ఆమోదించినా ఆమోదించకపోయినా, ఆ రేవు అధికారులు తనిఖీ చేయొచ్చు, తేడా ఉంటే ఆపేయొచ్చు. రాతపూర్వక ఒప్పందం, నెలనెలా జీతం, పడుకునే గది, తిండి, వైద్యం, పన్నెండు నెలల లోపే ఇంటికి పంపడం, అన్నీ ఇందులో ఉన్నాయి. ఉద్యోగం ఇప్పించినందుకు సీమాన్ దగ్గర డబ్బు తీసుకోకూడదని కూడా ఉంది. మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, సీడీసీ (సీమాన్ సర్వీసు నమోదు చేసే పుస్తకం) లాంటి వాటికి మాత్రం ఎవరి ఖర్చు వాళ్ళదే.

మొదట్లో ఎంఎల్‌సీలో ఒక పెద్ద లోటు ఉండేది. యజమాని పారిపోతే డబ్బు ఎవరిస్తారన్న దానికి జవాబు లేదు. 2014లో సవరణ చేస్తే 2017 జనవరి 18 నుంచి అమలైంది. దాని ప్రకారం ఓడను వదిలేసినట్టు లెక్కగట్టడానికి మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా చాలు: ఇంటికి పంపే ఖర్చు యజమాని భరించకపోవడం, తిండీ నీళ్ళూ వైద్యం లాంటివి లేకుండా వదిలేయడం, లేదా కనీసం రెండు నెలల జీతం ఎగ్గొట్టడంతో సహా యజమాని సంబంధం తెంచుకోవడం. ఇలాంటి పరిస్థితికి ముందే ప్రతి ఓడకూ ఇన్సూరెన్స్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనపడేచోట అంటించి ఉండాలి. సీమాన్ నేరుగా ఆ ఇన్సూరెన్స్ కంపెనీనే అడగొచ్చు. తిండి, నీళ్ళు, ఓడ మీద బతకడానికి అవసరమైన ఇంధనం, వైద్యం, ఇంటికి టికెట్, వీటితో పాటు బకాయి జీతం నాలుగు నెలల వరకు వాళ్ళు ఇవ్వాలి.

ఆ నాలుగు నెలలు అన్న మాట దగ్గర ఆగండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రెండు నెలలు జీతం రాదు. కెప్టెన్ "వచ్చే వారం డబ్బు పడుతుందట" అంటాడు. కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది, సరుకు దిగగానే అందరికీ సెటిల్ చేస్తామని. మూడో నెల, అయిదో నెల. కొంచెం అడ్వాన్స్ వేస్తారు, అంతే, అందరూ మళ్ళీ ఆశపడతారు. ఎనిమిదో నెలలో ఎవరో ఒకరు తెగించి ఫిర్యాదు చేస్తారు. అప్పుడు ఇన్సూరెన్స్ ఇచ్చేది నాలుగు నెలలదే. మిగతా నాలుగు నెలల డబ్బు కోసం కోర్టు తలుపు తట్టాలి. అంటే గట్టిగా అడగకుండా ఆగిన ప్రతి నెలా సీమాన్ జేబులోంచి పోతున్నట్టే. రెండు నెలల హద్దు దాటిన రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని అందుకే అంటున్నాను, యజమాని మంచివాడే అనిపించినా సరే.

సరే, ఇంత ఉన్నా దిగి రాలేకపోవడానికి కారణాలు చూద్దాం. ఓడ రేవులో ఉన్నా, దూరంగా యాంకరేజ్‌లో (లంగరేసి నిలిపే చోట) ఉన్నా దాని మీద మనుషులు ఉండి తీరాలి. గాలివానకు లంగరు జారితే వేరే ఓడను గుద్దుతుంది, చమురు కారుతుంది. అందుకే ఖాళీ చేసి వెళ్తామంటే రేవు అధికారులు ఒప్పుకోరు, బదులుగా వేరే మనుషుల్ని తెమ్మంటారు, తేవాల్సిన యజమానేమో పత్తా లేడు. ఒడ్డు మీద అడుగుపెట్టాలంటే ఇమిగ్రేషన్ అనుమతి కావాలి, అది ఇప్పించాల్సిన లోకల్ ఏజెంటుకు యజమాని డబ్బులు బాకీ. పాస్‌పోర్టులు తరచుగా కెప్టెన్ దగ్గర ఉంటాయి. సీడీసీ, సర్టిఫికెట్ల గడువు ఒకపక్క అయిపోతూ ఉంటుంది. వీటన్నిటికీ మించి, దిగిపోతే డబ్బు పోతుందన్న భయం. ఈ భయం చాలావరకు అపోహే, దాని సంగతి కిందకి వస్తాం.

ఈ ముడులన్నీ ఒకే మనిషి మీద పడితే ఏమవుతుందో చూడాలంటే ఎంవీ అమాన్ ఉదంతం ఉంది. బహ్రెయిన్ జెండా ఉన్న ఈ సరుకు ఓడను 2017 జూలైలో ఈజిప్టులో సూయెజ్ దగ్గర అదబియా రేవులో ఆపేశారు, సేఫ్టీ సర్టిఫికెట్ల గడువు దాటిందని. లెబనాన్ కాంట్రాక్టర్లు ఇంధనం బిల్లు కట్టలేదు, యజమానుల దగ్గరా డబ్బు లేదు. ఆ సమయానికి కెప్టెన్ ఒడ్డు మీద ఉన్నాడు, అక్కడి కోర్టు చీఫ్ ఆఫీసర్‌గా (కెప్టెన్ తర్వాతి స్థానంలో) ఉన్న సిరియా మనిషిని ఓడకు చట్టబద్ధ సంరక్షకుడిగా నియమించింది. దాని అర్థం ఏమిటో ఆయనకు తెలిసేసరికి ఆలస్యమైంది: ఓడ అమ్ముడుపోయేదాకానో, తన బదులు ఇంకొకరు వచ్చేదాకానో ఆయన కదలకూడదు. మిగతా సిబ్బంది ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కరెంటు లేదు, రాత్రిళ్ళు ఓడ మొత్తం చీకటి. ఆయన అక్కడ ఉండగానే ఊళ్ళో తల్లి చనిపోయింది. 2020 మార్చిలో తుఫానుకు ఓడ కొట్టుకొచ్చి ఒడ్డుకు కొన్ని వందల మీటర్ల దూరంలో ఇసుకలో దిగబడింది. ఆ తర్వాత ఆయన కొన్ని రోజులకోసారి ఈదుకుంటూ ఒడ్డుకు వెళ్ళి తిండి కొనుక్కుని, ఫోన్ చార్జింగ్ పెట్టుకుని మళ్ళీ ఈదుకుంటూ ఓడెక్కేవాడు. 2021 ఏప్రిల్లో ఐటీఎఫ్ తమ స్థానిక ప్రతినిధిని ఆయన బదులు సంరక్షకుడిగా పెట్టడానికి ముందుకొస్తేనే ఇంటికి వెళ్ళగలిగాడు. దాదాపు నాలుగేళ్ళు. ఆ మనిషి చేసిన నేరమంటూ ఏమీ లేదు.

అదే 2021 జనవరిలో యూఏఈలోని ఉమ్ అల్ క్వెయిన్ బీచ్‌కి ఎంటీ ఇబా అనే ట్యాంకర్ కొట్టుకొచ్చింది. అందులోనూ రెండున్నరేళ్ళకు పైగా జీతం లేని అయిదుగురు ఉన్నారు, వాళ్ళలో మన దేశం వాళ్ళు కూడా. ఓడ జనం కళ్ళముందుకొచ్చి పేపర్లలో పడ్డాకే కదలిక వచ్చింది, అప్పుడు కూడా రావాల్సిన దాంట్లో కొంత తగ్గించుకుని రాజీపడాల్సి వచ్చింది.

ఇలాంటి ఓడ సీమెన్‌కే కాదు, ఊరికీ ముప్పే. 2013 నవంబరులో మోల్డోవా జెండా ఉన్న రోసస్ అనే ఓడ 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌తో బీరుట్ రేవుకు వచ్చింది. లోపాలున్నాయని ఆపేశారు, యజమాని చేతులెత్తేశాడు. కెప్టెన్‌తో పాటు మరో ముగ్గురిని నెలల తరబడి ఓడ దిగనివ్వలేదు. 2014లో వాళ్ళు విడుదలయ్యారు, సరుకును రేవులోని గోదాములో పడేశారు. 2020 ఆగస్టు 4న పేలి రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది ఆ సరుకే.

ఇప్పుడు ఆ అపోహ సంగతి. దిగిపోతే జీతం మీద హక్కు పోదు. సీమెన్ జీతం ఓడకే అంటుకుని ఉండే బాకీ, దీన్నే మారిటైమ్ లీన్ అంటారు. ఓడ చేతులు మారినా ఆ బాకీ ఓడతోనే వెళ్తుంది. ఓడను కోర్టు ద్వారా అరెస్ట్ చేయించి అమ్మిస్తే వచ్చిన డబ్బులోంచి వసూలు చేసుకోవచ్చు. ఇక్కడ మన విశాఖకు పెద్ద పాత్రే ఉంది. 1984లో గ్రీకు యజమాని ఉన్న ఎంవీ ఎలిజబెత్ అనే ఓడ విశాఖ రేవుకు వస్తే ఒక సరుకు వివాదంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని అరెస్ట్ చేయించింది. అప్పటిదాకా ఇలాంటి అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే అనుకునేవారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. విదేశీ ఓడైనా సరే, మన జలాల్లో ఉంటే ఇక్కడి హైకోర్టు పట్టుకోవచ్చని 1992లో తీర్పు వచ్చింది. సీమెన్ కేసు కాకపోయినా ఆ తలుపు తెరుచుకున్నది వాళ్ళ కోసం కూడా. తర్వాత 2017లో ఓడల వివాదాల కోసం వచ్చిన అడ్మిరాల్టీ చట్టం, లీన్ ఉన్న బాకీల్లో ఓడ సిబ్బంది జీతాలనే మొదటి వరసలో పెట్టింది. మామూలు లీన్‌కు గడువు ఏడాది, జీతాలకు మాత్రం రెండేళ్ళు.

కాగితం మీద ఇంత బలం ఉన్నా, ఓడ అమ్ముడుపోవడానికి నెలలు పడుతుంది, ముసలి ఓడకు ఇనుము ధర తప్ప రాదు, ఈలోపు ఇంటికి డబ్బు పంపే దారి ఉండదు. దూరదేశపు రేవులో లాయర్‌ని పెట్టుకునే స్తోమత రేటింగ్‌గా (ఆఫీసర్ కాని కింది స్థాయి సిబ్బందిగా) వెళ్ళిన కుర్రాడికి ఎక్కడిది? అందుకే ఇన్సూరెన్స్ సంగతి అంత గట్టిగా చెప్పాను, కోర్టు అన్నది మిగిలిన డబ్బు కోసం.

మరి ఇన్సూరెన్సే లేని ఓడ ఎక్కితే? సరిగ్గా అక్కడికే తీసుకెళ్తారు దొంగ ఏజెంట్లు. మన దేశంలో సీమెన్‌ను పంపాలంటే కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ దగ్గర ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామక లైసెన్స్ ఉండాలి. 2016 నిబంధనల ప్రకారం ఆ లైసెన్సుకు బ్యాంక్ గ్యారంటీ కట్టాలి, సీమాన్ దగ్గర రుసుము తీసుకోకూడదు, తను పంపినవాడు ఎక్కడైనా చిక్కుకుంటే ఆ ఏజెంటుదే పూచీ. లైసెన్స్ లేనివాడు ఏం చేస్తాడంటే లక్షల్లో డబ్బు గుంజి, టూరిస్ట్ వీసా మీద దుబాయ్‌కో ఇరాన్‌కో పంపి, అక్కడ ఏదో ఒక చిన్న ఓడ ఎక్కిస్తాడు. చెప్పిన ఓడ ఒకటి, ఎక్కించిన ఓడ ఒకటి. అప్పుడు పరిస్థితి ఏమిటో చూడండి: ప్రభుత్వ రికార్డులో ఆ కుర్రాడు సీమాన్‌గా దేశం దాటనే లేదు, ఒప్పందం చేతిలో లేదు, ఓడకు ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలీదు, ఆ ఓడ మీద చేసిన సర్వీసు రేపు ప్రమోషన్ పరీక్షకు లెక్కలోకి వస్తుందన్న నమ్మకం లేదు. పైగా డబ్బు కట్టింది అప్పు తెచ్చి, కాబట్టి మధ్యలో వదిలేసి రావడానికి మనసు ఒప్పదు. అమ్మ గాజులు తాకట్టులో ఉన్నవాడు జీతం లేకపోయినా ఓడ మీదే ఇంకో రెండు నెలలు చూద్దాం అనుకుంటాడు. లక్షలు ఇచ్చి ఉద్యోగం కొనుక్కోవడం మనవైపు మామూలైపోయింది. ఇచ్చేవాళ్ళను తప్పుపట్టను, కానీ డబ్బు అడిగాడంటేనే ఆ ఏజెంట్ చట్టం బయట ఉన్నట్టు లెక్క. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా ఉంటుంది, చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు.

మంచి కంపెనీ ఓడల మీద జీతం సమయానికి వస్తుంది, అక్కడ సమస్య నిద్ర. రోజులో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలి, ఆ పది గంటల్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, ఒక ముక్క కనీసం ఆరు గంటలు ఉండాలి. రూల్ చక్కగా ఉంది. నడిచేది వేరు: రాత్రి వాచ్ చేసి పడుకున్నవాడిని ఓడ రేవులోకి వెళ్తోందని లేపుతారు, తాళ్ళు కట్టాక సరుకు పని మొదలు, మధ్యలో తనిఖీవాళ్ళు, సాయంత్రం మళ్ళీ బయల్దేరడం. విశ్రాంతి గంటల రికార్డులో మాత్రం అన్నీ సరిపోయినట్టే రాస్తారు, ఎందుకంటే తేడా కనపడితే ఓడ ఆగిపోతుంది, ఓడ ఆగితే కారణమైనవాడికి మళ్ళీ పిలుపు రాదేమోనన్న టెన్షన్. 2010 ఏప్రిల్ 3న షెన్ నెంగ్ 1 అనే చైనా బొగ్గు ఓడ ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ మీదకు ఎక్కేసింది. దర్యాప్తులో తేలిందేమిటంటే, వాచ్‌లో ఉన్న చీఫ్ మేట్ (చీఫ్ ఆఫీసరే) అంతకు ముందు 38 గంటలకు పైగా సమయంలో నిద్రపోయింది రెండున్నర గంటలు. ఓడలో మనుషుల్ని తగ్గించి, పని తగ్గించకపోతే ఇలాగే అవుతుంది. రికార్డు తప్పుగా రాసిన కుర్రాడిని పట్టుకుని లాభం లేదు, ఆ పనికి ఎంతమంది కావాలో లెక్క తప్పుగా వేసినవాళ్ళను పట్టుకోవాలి.

కొన్ని విషయాల్లో మెరుగుదల కూడా వచ్చింది. పైరేట్ల చేతిలో బందీగా ఉన్నంతకాలం జీతం ఆపకూడదని 2020 డిసెంబరు నుంచి రూల్ ఉంది. 2024 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో ఓడ మీద ఇంటర్నెట్ విషయం కూడా చేర్చారు. ఇది విలాసం అనుకునేవాళ్ళు 2024 మార్చిలో బాల్టిమోర్ వంతెనను గుద్దిన డాలీ ఓడ సిబ్బందిని గుర్తుచేసుకోవాలి, దాదాపు అందరూ భారతీయులే, వారాల తరబడి ఓడ దిగలేదు, ఫోన్లు దర్యాప్తు అధికారులు తీసుకున్నారు. మన దేశంలో 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో కొత్తదాన్ని పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించింది. అది రేవుల్లో ఎలా అమలవుతుందన్న దాని మీదే అంతా ఉంది.

ఓడ ఎక్కేముందు ఒప్పందం కాపీ, ఏజెంటు లైసెన్స్ నంబరు, ఓడ ఐఎంఓ నంబరు (ఓడకు శాశ్వతంగా ఉండే గుర్తింపు నంబరు) ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్ళాలి. ఎక్కిన రోజే ఆ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పంపాలి, కనపడకపోతే అదే మొదటి హెచ్చరిక. జీతం స్లిప్పులు, కంపెనీ పంపిన మెయిళ్ళు దాచుకోవాలి. "అంతా ముట్టింది" అని రాసిన కాగితం మీద డబ్బు ఖాతాలో పడకముందు సంతకం పెట్టకూడదు, టికెట్ ఆశ చూపించి పెట్టించుకోవడం మామూలు. జీతం రెండు నెలలు ఆగితే ఇంట్లోవాళ్ళు డీజీ షిప్పింగ్‌కు, నుసి లాంటి సీమెన్ యూనియన్‌కు, ఐటీఎఫ్‌కు ఒకేసారి రాయొచ్చు. ఓడ మీద ఉన్నవాడు రేవు అధికారికి ఇచ్చే ఫిర్యాదును గోప్యంగా ఉంచాలని ఎంఎల్‌సీలోనే ఉంది. ఆ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఐఎంఓ నంబరు. యజమాని రాత్రికి రాత్రి ఓడకు కొత్త పేరు రాయించి, జెండా మార్చినా ఆ ఏడంకెలు మాత్రం మారవు.